పాత తోట కన్నా కొత్త అడవి చవక

కొన్నేళ్ల కిందట నేను వంటనూనెలు దిగుమతి చేసుకునే ఒక సంస్థలో కాగితాల పని చూసేవాణ్ణి. ఓడ రేవుకు చేరకముందే దాని వెంట రావలసిన పత్రాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూడడం, తేడాలుంటే అవతలి దేశంలోని ఎగుమతిదారుకు రాసి సరిచేయించడం నా బాధ్యత. ముడి పామాయిల్ తెచ్చే ప్రతి ఓడతోనూ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అనే కాగితం వచ్చేది. సరుకు పుట్టిన చోటు రాయడానికి అందులో ఒక గడి ఉంటుంది. ఆ గడిలో ఎప్పుడు చూసినా ఒక దేశం పేరే ఉండేది. జిల్లా, ఊరు, తోట అడిగే గడి ఆ కాగితంలో లేదు.

ఒకసారి మా దగ్గర నూనె కొనే సబ్బుల తయారీదారు ఒకరు మూడు ప్రశ్నలతో ఉత్తరం రాశారు. ఈ నూనె ఏ మిల్లులో ఆడించినది, ఆ మిల్లుకు ఆయిల్‌పామ్ గెలలు ఏయే తోటల నుంచి వచ్చాయి, ఆ తోటల్లో చెట్ల వయసు ఎంత అని అడిగారు. ఉత్తరం పట్టుకుని మా అధికారి దగ్గరకు వెళ్లాను. "దేశం పేరు రాసి పంపండి. అంతకుమించి చెప్పవలసిన బాధ్యత మనకు లేదు, చెబుదామన్నా మనకు తెలియదు" అన్నారాయన. అలాగే రాసి పంపాను. నా జవాబులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు, అడిగినదానికి సమాధానమూ లేదు. మొదటి రెండు ప్రశ్నలకు బదులివ్వలేకపోయినందుకు మనసులో కొంత ఇబ్బంది పడ్డాను గాని, మూడో ప్రశ్న ఎందుకు అడిగారో నాకు అప్పుడు అంతుబట్టలేదు. సబ్బు చేసేవారికి చెట్టు వయసుతో ఏం పని అనుకున్నాను.

ఆ ఉత్తరం ఈ మధ్య మళ్లీ గుర్తుకు రావడానికి కారణం చాక్లెట్‌కు ముడిసరుకైన కోకో మీద చదివిన ఒక పరిశోధన. ఐవరీ కోస్టు, ఘనా దేశాల్లో కోకో తోటలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఉపగ్రహ చిత్రాల సాయంతో పటం గీసిన శాస్త్రవేత్తలు, 2023లో తమ ఫలితాలను ప్రకటించారు. రక్షిత ప్రాంతాల సరిహద్దుల లోపల పోయిన అడవిలో ఐవరీ కోస్టులో 37 శాతానికి పైగా, ఘనాలో 13 శాతానికి పైగా నష్టానికి కోకో సాగుతో సంబంధం ఉందని వారు తేల్చారు. ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా చాలాకాలంగా ఈ రెండు దేశాలదే, అందులో చాలా భాగం సరిహద్దు దాటిపోయేదే.

ఆ పటం చూస్తున్నంతసేపూ ఒక సందేహం నన్ను వదలలేదు. అధికారులు ఎప్పుడు వచ్చి వెళ్లగొడతారో తెలియని చోట, చట్టం ఒప్పుకోని చోట, పంట చేతికి రావడానికి మూడు నాలుగేళ్లు ఆగవలసిన మొక్కను రైతు ఎందుకు నాటతాడు? అడవికి బయట ముసలితనం వచ్చి కాపు తగ్గిన కోకో తోటలు ఉండగానే అతను లోపలికి ఎందుకు వెళుతున్నాడు? విదేశాల గిరాకీ వల్ల అన్నది మనం అలవాటుగా చెప్పుకునే జవాబు. అది నిజమే గాని సగం నిజం. గిరాకీకి కావలసింది గింజ. ఆ గింజ పాత తోటలో పండిందో, నిన్నటి అడవిలో పండిందో గిరాకీకి పట్టదు. మరి మధ్యలో అడవి ఎందుకు పోవలసి వస్తోంది?

అటవీ భాటకం

ఫ్రాన్సుకు చెందిన ఆర్థికవేత్త ఫ్రాంస్వా రూఫ్ పశ్చిమాఫ్రికాలోనూ ఇండోనేషియాలోనూ ఏళ్ల తరబడి కోకో రైతుల మధ్య తిరిగి ఈ ప్రశ్నకు ఒక జవాబు చెప్పారు. ఆయన వాడిన మాటను తెలుగులో అటవీ భాటకం అనవచ్చు. భాటకం అంటే ఇక్కడ ఇంటి అద్దె అని అర్థం కాదు. అర్థశాస్త్రం చదివినవారికి రికార్డో సిద్ధాంతంలో పరిచయమైన భాటకం ఇది. ఒక నేల మరో నేల కన్నా సహజంగానే మెరుగైనది కావడం వల్ల, సాగు చేసినవాడి కష్టంతో నిమిత్తం లేకుండా దక్కే అదనపు ఫలితం అన్నమాట.

అప్పుడే చదును చేసిన అడవి నేలలో తరతరాలుగా రాలిన ఆకులు కుళ్లి ఎరువై ఉంటాయి. కలుపు విత్తనాలు ఇంకా చేరి ఉండవు, కోకోను పట్టే తెగుళ్లూ పురుగులూ ఆ చోటికి దారి కనుక్కొని ఉండవు, వదిలిపెట్టిన పెద్ద చెట్ల నీడ లేత మొక్కను ఎండ నుంచి కాస్తుంది. పాతికేళ్లో ముప్ఫయ్యేళ్లో గడిచాక అదే నేలలో మళ్లీ నాటాలంటే ముసలి చెట్లను కొట్టించాలి, మొండి గడ్డితో పోరాడాలి, ఎరువు కొనాలి, నీడ లేని నేలలో ఎండిపోయిన మొక్కల స్థానంలో మళ్లీ మొక్కలు పెట్టాలి, తెగులుకు మందు కొట్టాలి. రైతు అతనే, పంట అదే, అంగడిలో పలికే ధర కూడా అదే. పెట్టుబడిలోనూ కూలి రోజుల్లోనూ మాత్రం ఈ రెండు నేలల మధ్య చాలా తేడా ఉంటుంది. ఆ తేడాయే అటవీ భాటకం. పాత తోట కన్నా కొత్త అడవి చవక అన్నది ఒక్క రైతు దురాశ వల్ల ఏర్పడిన స్థితి కాదు, ఆ పంట లెక్కలోనే ఉన్నది.

కోకో చరిత్రను ఈ మాటతో చదివితే, విడివిడిగా కనిపించే సంఘటనల మధ్య ఒక వరుస తెలుస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో సావో టోమే అనే చిన్న దీవి ప్రపంచంలోకెల్లా ఎక్కువ కోకో పంపేది. 1911 నాటికి ఆ స్థానం నేటి ఘనాకు, అప్పటి గోల్డ్ కోస్టుకు వచ్చింది. 1970ల చివర్లో ఐవరీ కోస్టు ఘనాను దాటింది. 1980ల నుంచి ఇండోనేషియాలోని సులవేసి దీవిలో కోకో వెల్లువెత్తింది. బ్రెజిల్‌లోని బహియా ప్రాంతంలో 1989లో మంత్రగత్తె చీపురు అనే పేరుగల బూజు తెగులు ప్రవేశించి అక్కడి తోటలను కూల్చేసింది. ప్రతి చోటా జరిగింది దాదాపు ఒకటే. అడవి కొత్తగా ఉన్నంతకాలం పంట పండింది, చెట్లు ముసలివై తెగులు ముదిరేసరికి పంట ఆ చోటును విడిచి మరో దేశపు అడవిలోకి నడిచింది. చాక్లెట్ కొనేవారికి ఈ నడక ఎన్నడూ కనిపించలేదు. ఒక దేశంలో తగ్గిన గింజ మరో దేశం నుంచి వచ్చేది కనుక అంగడిలో లోటు తెలియలేదు.

ఐవరీ కోస్టు సంగతి వీటన్నిటిలోకీ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అధ్యక్షుడు ఫెలిక్స్ ఊఫ్వె బ్వాని, భూమిని సాగులోకి తెచ్చినవాడిదే ఆ భూమి అని ప్రకటించారు. దేశంలోని సవన్నా ప్రాంతాల (చెట్లు పలచగా ఉండే గడ్డిభూముల) నుంచీ, పొరుగున ఉన్న బుర్కినా ఫాసో, మాలి దేశాల నుంచీ లక్షల మంది దక్షిణాది అడవుల్లోకి తరలివచ్చారు. ఆ దేశం బడులూ రోడ్లూ కట్టుకున్నది ఆ కోకో డబ్బుతోనే కనుక దాన్ని తప్పు అని ఒక్క మాటలో కొట్టిపారేయలేను. కాని 1960లో ఉన్న అడవిలో సుమారు ఐదింట నాలుగు వంతులు ఇప్పుడు లేవు. మిగిలిన అడవి ఎక్కువగా ఉన్నది రక్షిత ప్రాంతాల్లోనే. రైతు అందులోకి వెళ్లడానికి కారణం ఇదే. ఆ దేశంలో భాటకం ఇచ్చే నేల ఇంకెక్కడా మిగలలేదు.

ఈ భాటకం ఎవరికి చేరింది అన్నది అసలు ప్రశ్న. కొంత రైతుకు చేరింది, కాని అతను పేదవాడిగానే ఉన్నాడు. కొంత ప్రభుత్వానికి చేరింది. మిగిలినదంతా చవక ధర రూపంలో సరిహద్దు దాటిపోయింది. మళ్లీ నాటడానికి అయ్యే ఖర్చు ఏనాడూ గింజ ధరలో కలవలేదు, ఎందుకంటే ఆ ఖర్చు పెట్టకుండా తప్పించుకునే దారి అడవి రూపంలో ఎప్పుడూ తెరిచే ఉంది. నేను చెప్పదలచుకున్నది ఇదే: దూరదేశాల గిరాకీ అడవిని నరికించడానికి మూలం కొనేవారి ఆకలి పెద్దది కావడం ఒక్కటే కాదు. తోటను పునరుద్ధరించే ఖర్చు తప్ప మిగతా ఖర్చులన్నీ ఇముడ్చుకున్న ధరకు కొనే అలవాటే దాని మూలం. ఈ ఖర్చును ఎవరు భరించాలో తేల్చకుండా ఎన్ని ధ్రువపత్రాలు రాసినా నరకడం చోటు మారుతుందే గాని ఆగదని నా నమ్మకం.

పెరిగిన ధర, పడిన ధర

సరిహద్దు దాటి వచ్చే గిరాకీకి మరో గుణం ఉంది. అది హఠాత్తుగా వస్తుంది, హఠాత్తుగా పోతుంది. చెట్టు మాత్రం అలా రాదు, అలా పోదు.

2000ల్లో చైనాలో వాహనాలు పెరిగి, టైర్లకు రబ్బరు చాలక, ఆ దేశపు పెట్టుబడి సరిహద్దు దాటి ఉత్తర లావోస్‌లోకీ మియన్మార్‌లోకీ ప్రవహించింది. నల్లమందు సాగును మాన్పించే పథకం కింద చైనా ప్రభుత్వం ఈ తోటలకు రాయితీలు కూడా ఇచ్చింది. ఆ ఉద్దేశాన్ని నేను శంకించను. కొండ చరియల మీది అడవులూ పోడు భూములూ రబ్బరు వరుసలుగా మారాయి. రబ్బరు మొక్క పాలు గీయడానికి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ ధర శిఖరానికి చేరింది, అయిదేళ్లు తిరిగేసరికి అందులో మూడో వంతు కన్నా దిగువకు పడిపోయింది. ధర చూసి నాటినవారి చెట్లు పాలకు వచ్చేనాటికి ఆ ధర లేదు. ఆగ్నేయాసియాలో 1993 తర్వాత రబ్బరు కోసం పోయిన అడవి 40 లక్షల హెక్టార్లకు పైనే అని 2023లో వెలువడిన మరో ఉపగ్రహ అధ్యయనం లెక్కగట్టింది. ధర పడిందని ఆ హెక్టార్లలో ఒక్కటీ తిరిగి అడవి కాలేదని నేను అనను, కొన్ని చోట్ల పొదలైనా లేచి ఉంటాయి. అయితే ధర పెరిగినప్పుడు అడవి పోయిన వేగానికీ, ధర పడినప్పుడు అది తిరిగివచ్చే వేగానికీ పోలికే లేదు.

వియత్నాం కాఫీ కథ కూడా ఇలాంటిదే. ఏ దేశం ఎంత కాఫీ ఎగుమతి చేయాలో నిర్ణయించే అంతర్జాతీయ కోటాలు 1989లో కూలిపోయాయి. ఆ తర్వాత పదేళ్లలోనే వియత్నాం మధ్య పీఠభూముల్లో అడవులు తరిగి కాఫీ తోటలు విస్తరించి, ఆ దేశం ప్రపంచంలో రెండో పెద్ద ఉత్పత్తిదారు అయింది. అదే సమయానికి కాఫీ ధర పాతాళానికి చేరి, అక్కడి రైతులతోపాటు ఇతర ఖండాల్లోని కాఫీ రైతులూ అప్పులపాలయ్యారు. 2018లో అమెరికా సోయా మీద చైనా 25 శాతం సుంకం వేసినప్పుడు కొనుగోళ్లు ఒక్క పంటకాలంలోనే బ్రెజిల్ వైపు మళ్లాయి. రెండు దేశాల మధ్య తగవు వస్తే దాని ప్రభావం మూడో దేశపు నేల మీద పడుతుంది, ఆ నేల మీద బతికేవారికి ఆ తగవులో మాట్లాడే చోటు ఉండదు.

నన్ను ఆపిన లెక్క

ఇంతవరకు రాశాక నాకు ఎదురైన ఒక లెక్క వల్ల కొన్ని రోజులు ఈ వ్యాసాన్ని పక్కన పెట్టాను. ఉష్ణమండలపు అడవుల నరికివేతలో 90 నుంచి 99 శాతం వరకు వ్యవసాయంతో ప్రత్యక్షంగానో పరోక్షంగానో ముడిపడినదని 2022లో ఒక విస్తృతమైన పరిశోధన తేల్చింది. అదే పరిశోధన చెప్పిన మరో సంగతి ఏమిటంటే, అడవిలోకి విస్తరించిన సాగులో దాదాపు మూడు వంతులు ఆయా దేశాల్లోని సొంత గిరాకీ కోసం, ఎగుమతుల కోసం పోయినది సుమారు నాలుగో వంతే. నరికిన అడవిలో మూడో వంతు నుంచి సగం దాకా అసలు చురుకైన సాగులోకే రాలేదు. భూమి విలువ పెరుగుతుందని ఆక్రమించి వదిలేసినది, మంటలు అదుపు తప్పి పోయినది అందులో ఉంది.

నాలుగో వంతు గురించి ఇంత పట్టుదలగా రాయడం న్యాయమేనా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. బ్రెజిల్‌లో పచ్చిక బీళ్ల కోసమే ఎక్కువ అడవి పోతోంది, ఆ గొడ్డు మాంసంలో అధిక భాగం తినేది ఆ దేశస్థులే. ఆఫ్రికాలో చాలా చోట్ల అడవిని నరికి పండించేది ఇంట్లో వండుకునే తిండి గింజలే. వాటికి విదేశీ కొనుగోలుదారును నిందించడం తప్పు.

అయినా రెండు కారణాల వల్ల నేను నా అభిప్రాయానికే తిరిగివచ్చాను. మొదటిది, సగటు లెక్క పంటల మధ్య తేడాను దాచేస్తుంది. కోకోలోనూ రబ్బరులోనూ పామాయిల్‌లోనూ విదేశీ గిరాకీయే ప్రధానం. రెండోది, ఎగుమతి పంట తాను స్వయంగా నరికినంత వరకే నష్టం చేసి ఊరుకోదు. సోయా కోసం మంచి ధర పెట్టి పచ్చిక బీడును కొన్నప్పుడు, ఆ బీడును అమ్మిన పశువుల యజమాని ఆ డబ్బుతో అడవి అంచున అంతకు ఎన్నో రెట్ల భూమి సంపాదించగలుగుతాడు. అడవిని నరికిన చేయి అతనిది, లెక్కలో అది దేశీయ మాంసం కింద చేరుతుంది. ఎగుమతి సరుకు రవాణా కోసం వేసిన రోడ్డు వెంట మిగతావన్నీ వస్తాయి. ఆ నాలుగో వంతును కనిష్ఠ లెక్కగా తీసుకోవాలని నాకనిపిస్తుంది, అయితే ఇది నా అంచనాయే తప్ప రుజువైన సంగతి కాదని ఒప్పుకుంటాను.

కొనేవారు నిజంగా ఆపాలనుకుంటే ఆపగలరనడానికి సోయాలోనే మంచి ఉదాహరణ ఉంది. పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ ఒత్తిడి తర్వాత, అమెజాన్‌లో కొత్తగా నరికిన భూమిలో పండిన సోయాను కొనబోమని పెద్ద వ్యాపార సంస్థలు 2006లో ఒప్పందం చేసుకున్నాయి. అంతకు ముందు రెండేళ్లలో అక్కడి సోయా విస్తరణలో దాదాపు 30 శాతం అడవిని నరికిన నేలలోకే సాగింది. ఒప్పందం తర్వాత అది సుమారు 1 శాతానికి పడిపోయింది, సోయా దిగుబడి మాత్రం తగ్గలేదు. ఇది ఎలా సాధ్యమైందో చూడడం ముఖ్యం. కొనే సంస్థలు కొద్ది, ఉపగ్రహం నుంచి నిఘా ఉంది, అన్నిటినీ మించి అప్పటికే నరికి ఉన్న పచ్చిక బీళ్లు అక్కడ చవకగా, సమృద్ధిగా దొరికాయి. పాత నేల అందుబాటులో ఉన్నందువల్లే కొత్త అడవిని వదిలిపెట్టడం సాధ్యమైందని నేను అర్థం చేసుకున్నాను.

ఆ ఒప్పందం అమెజాన్‌కే పరిమితమైంది. దాని పక్కనే ఉన్న సెరాడో అనే విశాలమైన సవన్నాలో సోయా విస్తరిస్తూనే పోయింది. బ్రెజిల్ అటవీ చట్టం ప్రకారం అమెజాన్ అడవిలో భూయజమాని తన భూమిలో 80 శాతం అడవిగా ఉంచాలి, సెరాడోలో ఎక్కువ చోట్ల 20 శాతం ఉంచితే చాలు. అక్కడి నరికివేతలో చాలా భాగం చట్టబద్ధమే. సెరాడోలోని సహజమైన చెట్టూ చేమలో సుమారు సగం ఇప్పటికే పోయింది.

ట్యాంకులో కలిసిన నూనె

నా పాత ఉద్యోగానికి దగ్గరగా ఉన్నది పామాయిల్ కనుక దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పామాయిల్‌ను బహిష్కరించమనే పిలుపుతో నేను ఏకీభవించను. ఒక హెక్టారు ఆయిల్‌పామ్ నుంచి మూడు నాలుగు టన్నుల నూనె వస్తుంది, హెక్టారు సోయా నుంచి అర టన్ను రావడమే ఎక్కువ. పామాయిల్ మానేసి మరో నూనెకు మారితే అంతకు ఎన్నో రెట్ల నేల కావాలి. ఇండోనేషియాలోని ఆయిల్‌పామ్ విస్తీర్ణంలో సుమారు 40 శాతం చిన్న రైతుల చేతుల్లో ఉంది, వారిలో చాలా మందిని ఆ పంటే పేదరికం నుంచి బయటపడేసింది.

గెల కోసిన తర్వాత ఒకటి రెండు రోజుల్లో మిల్లుకు చేరకపోతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత దెబ్బతింటుంది. కాబట్టి మిల్లు ఎక్కడుందో తెలిస్తే గెలలు ఏ చుట్టుపక్కల నుంచి వచ్చాయో దాదాపు తెలిసినట్టే. మా సబ్బుల తయారీదారు మొదట మిల్లు పేరే అడగడం ఎంత తెలివైన పనో నాకు తర్వాత అర్థమైంది. కాని మిల్లుకు, తోటకు మధ్య దళారి ఉంటాడు. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో, రియావు రాష్ట్రంలో ఉన్న టెస్సో నీలో అనే అడవిని 2004లో జాతీయ పార్కుగా ప్రకటించి, తర్వాత 80 వేల హెక్టార్లకు పైగా విస్తరించారు. ఇప్పుడు అందులో చాలా భాగం ఆయిల్‌పామ్ తోటే. అక్కడ కోసిన గెలలు లారీలెక్కి దళారుల ద్వారా మామూలు మిల్లులకు చేరుతున్న తీరును ప్రకృతి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పరిశోధకులు 2013లో వెంబడించి బయటపెట్టారు. మిల్లులో ఆ గెలా, చట్టబద్ధమైన తోటలోని గెలా ఒకే ఆవిరిలో ఉడుకుతాయి.

2004లోనే ఏర్పడిన సుస్థిర పామాయిల్ రౌండ్‌టేబుల్ అనే అంతర్జాతీయ వేదిక తన నిబంధనల ప్రకారం పండిన నూనెకు ధ్రువీకరణ ఇస్తుంది, ప్రపంచపు పామాయిల్‌లో సుమారు ఐదో వంతు దాని పరిధిలో ఉంది. అందులో ఒక పద్ధతి ప్రకారం ధ్రువీకరించిన నూనెనూ, ధ్రువీకరించని నూనెనూ ఒకే ట్యాంకులో కలిపి, లోపలికి ఎన్ని టన్నుల మంచి నూనె వచ్చిందో బయటికి అన్ని టన్నులే మంచి నూనెగా అమ్మవచ్చు. విడిగా ట్యాంకులూ ఓడలూ పెట్టుకోలేని చిన్నవారికి ఇది తప్పదు, దాన్ని మోసం అనలేను. అయితే ఆ సీసా కొన్నవారి చేతిలో ఉన్న నూనె ఏ నేలదో ఎవరూ చెప్పలేరు.

ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన చట్టం ఈ చిక్కును నేరుగా పట్టుకుంది. పశువులు, కోకో, కాఫీ, ఆయిల్‌పామ్, రబ్బరు, సోయా, కలప అనే ఏడు సరుకుల్లో ఏది తెచ్చినా, 2020 డిసెంబరు 31 తర్వాత నరికిన నేలలో పండినది కాదని చూపాలి, పండిన కమతం అక్షాంశ రేఖాంశాలు ఇవ్వాలి. నేను సరిచూసిన గడిలో దేశం పేరు మాత్రమే ఉన్న రోజులు తలచుకుంటే ఇది ఎంత పెద్ద మార్పో నాకు తెలుసు. దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. 2024 చివర్లో అమలు కావలసిన ఈ చట్టం రెండుసార్లు వాయిదా పడినందుకు బాధ కూడా కలిగింది.

అభ్యంతరం చెబుతున్న దేశాల మాటలోనూ నిజం ఉంది. ఐరోపా ఒకప్పుడు తన అడవులను నరుక్కుని ధనవంతమైంది. అంతదాకా ఎందుకు, పునరుత్పాదక ఇంధనం పేరుతో 2009లో లక్ష్యాలు పెట్టుకుని, ఒక దశలో తాను దిగుమతి చేసుకున్న పామాయిల్‌లో సగానికి పైగా వాహనాల ఇంధనంగానూ విద్యుత్తుగానూ మండించింది. ఆ గిరాకీ చూసి నాటినవారికి ఇప్పుడు నిబంధనలు చెబుతోంది. నా భయం మాత్రం వేరే ఉంది. పామాయిల్‌ను అందరికన్నా ఎక్కువ దిగుమతి చేసుకునేది భారతదేశం. ప్రపంచ మార్కెట్లోకి వచ్చే సోయాలో సుమారు 60 శాతం కొనేది చైనా. పాత తోటల సరుకును ఏరి ఐరోపాకు పంపి, కొత్త నేలల సరుకును ప్రశ్నలు అడగని దేశాలకు పంపితే ఓడల దారి మారుతుంది తప్ప చెట్టు నిలవదు. సొంత గడ్డ మీద పచ్చదనం పెంచుకుంటూనే దిగుమతుల ద్వారా బయటి అడవుల నష్టంలో భాగం పంచుకునే దేశాల్లో సంపన్న దేశాలతోపాటు భారత్, చైనాలు కూడా ఉన్నాయని 2021లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ప్రశ్న అడగని కొనుగోలుదారు ఒక్కడు మిగిలినా అడిగేవారి శ్రమ సగం వృథా అవుతుంది.

నాటడానికి డబ్బు ఎవరివ్వాలి

అందుకే నేను కోరేది ఒక్క నిషేధంతో ఆగదు. దిగుమతి అయ్యే ప్రతి టన్ను మీద కొంత మొత్తం తీసి, అది పండిన ప్రాంతంలో ముసలి తోటల్లో మళ్లీ నాటడానికి కేటాయించాలి. ఇది గాలిలో పుట్టిన ఆలోచన కాదు. మలయాలో (ఇప్పటి మలేషియాలో ఒక భాగం) 1952లోనే ఎగుమతి అయ్యే రబ్బరు మీద పన్ను వేసి, ఆ నిధితో చిన్న రైతుల ముసలి చెట్లు కొట్టించి మంచి రకాలు నాటించారు. ఇండోనేషియా 2015 నుంచి పామాయిల్ ఎగుమతుల మీద పన్ను వసూలు చేస్తూ చిన్న రైతులకు మళ్లీ నాటేందుకు సాయం ఇస్తోంది. హెక్టారుకు 3 కోట్ల రూపియాలుగా ఉన్న ఆ సాయాన్ని 2024లో 6 కోట్లకు పెంచింది కూడా. కాని ఆ నిధిలో అధిక భాగం బయోడీజిల్ రాయితీకే ఖర్చయింది. పైగా ఈ రెండు చోట్లా పన్ను కట్టింది పండించిన దేశమే, కొనేవారి వాటా ఇందులో నేరుగా ఏమీ లేదు.

కొనేవారిని కట్టించబోతే ఏమవుతుందో కూడా చూశాం. ఐవరీ కోస్టు, ఘనా కలిసి 2020-21 పంటకాలం నుంచి టన్ను కోకోకు 400 డాలర్ల అదనపు ధర అడిగాయి. కొనేవారు ఒప్పుకున్నారు. ఆ వెంటనే, ఆ దేశాల గింజకు నాణ్యతను బట్టి ఇచ్చే మరో అదనపు మొత్తాన్ని తగ్గించుకుంటూ పోయి సున్నా కన్నా కిందికి దించారు. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్నారు. ఈ సంగతి చదివిన రోజున నా ప్రతిపాదన మీద నాకే నమ్మకం సడలింది.

ఇంకో సందేహం దీనికన్నా లోతైనది. రైతుకు ఎక్కువ డబ్బు చేరితే అతను ఆ డబ్బుతో మరింత అడవి నరకడా? నరకవచ్చు. కేవలం ధర పెంచడం వల్ల అడవి నిలుస్తుందనే మాటను నేను నమ్మను. అందుకే డబ్బు పంటకు ముట్టకూడదు, తిరిగి నాటే పనికి ముట్టాలి. మొక్క నాటిన రోజు నుంచి కాపు వచ్చే రోజు వరకు ఆ కుటుంబం తినడానికి ముట్టాలి. దానితోపాటు కొత్త అడవి తలుపు నిజంగా మూసి ఉండాలి. ఈ రెండింటిలో ఒకటి లేకపోతే రెండోది పని చేయదు. తలుపు మూసి డబ్బు ఇవ్వకపోవడం ఎలా ఉంటుందో 2016లో ఐవరీ కోస్టులోని మోం పెకో జాతీయ పార్కు నుంచి వేలాది కోకో రైతు కుటుంబాలను వెళ్లగొట్టినప్పుడు చూశాం. వారు నిలువ నీడ లేక చుట్టుపక్కల ఊళ్లలో చేరవలసి వచ్చింది.

2024లో కోకో ధర టన్నుకు 10 వేల డాలర్లు దాటింది, ఏడాది చివరికి 12 వేలు కూడా దాటింది. చెడు వానలు, తెగుళ్లు, ముసలి చెట్లు అందుకు కారణాలుగా చెప్పారు. ప్రభుత్వాలు పంటను ముందే అమ్మేసి రైతు ధరను స్థిరంగా ఉంచినందువల్ల ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం అక్కడి రైతుకు అందలేదు. ఎన్నో ఏళ్లుగా గింజ ధరలో కలవని ఖర్చు ఒక్కసారిగా బయటపడి, అంగడిలో అందరి కంటా పడిన సంవత్సరం అదేనని నేననుకుంటున్నాను. ఐవరీ కోస్టు వైపు నుంచి కోకో సాగుదారులు సరిహద్దు దాటి లైబీరియా అడవుల్లోకి వెళుతున్నారన్న వార్తలు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే.

సబ్బుల తయారీదారు అడిగిన మూడో ప్రశ్న దగ్గరకు మళ్లీ వస్తాను. ఆయిల్‌పామ్ చెట్టు పాతికేళ్లు దాటేసరికి గెల కోయడానికి కత్తి అందనంత ఎత్తు పెరుగుతుంది, కాపు కూడా తగ్గుతుంది. ఇండోనేషియాలో 1990ల చివర్లోనూ 2000ల తొలి ఏళ్లలోనూ పెద్ద ఎత్తున నాటిన చెట్లు ఇప్పుడు ఆ వయసుకు వస్తున్నాయి. వాటిని కొట్టి మళ్లీ నాటి మూడేళ్లు కాపు లేకుండా ఎదురుచూడాలా, ఉన్న చెట్లతోనే కొన్నాళ్లు నెట్టుకొస్తూ ఇంకెక్కడైనా కొత్త నేల చూసుకోవాలా అన్నది ఒక్కొక్క చిన్న రైతూ తన ఇంట్లో కూర్చుని తేల్చుకుంటున్నాడు. ఏ తోట రైతు ఏ సంవత్సరంలో ఆ నిర్ణయం తీసుకోవలసి వస్తుందో తెలియాలంటే చెట్టు వయసు తెలియాలి. ఆ ఉత్తరం రాసినవారికి ఆ సంగతి అప్పుడే తెలిసి ఉంటుంది. నేను పంపిన జవాబులో దేశం పేరొక్కటే ఉంది.